జోసెఫ్ ఆల్ట్‌మన్

జోసెఫ్ ఆల్ట్‌మన్ (అక్టోబరు 7, 1925 - ఏప్రిల్ 19, 2016) హంగరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రసిద్ధ నాడీశాస్త్రవేత్త. పూర్తిగా ఎదిగిన క్షీరదాల మెదడులో సైతం కొత్త నాడీకణాలు పుడుతూనే ఉంటాయని 1960వ దశకంలో మొట్టమొదట ప్రయోగపూర్వకంగా చూపినవాడు ఇతడే. ఈ ప్రక్రియను న్యూరోజెనెసిస్ లేదా నాడీకణ జననం అని వ్యవహరిస్తారు. ఆల్ట్‌మన్ ఫలితాలు ప్రపంచంలోకెల్లా పేరున్న శాస్త్రపత్రికలలోనే అచ్చయినా, దాదాపు మూడు దశాబ్దాలపాటు వాటిని పట్టించుకున్నవారు తక్కువ. 1990వ దశకంలో అవే ఫలితాలను ఇతరులు మళ్ళీ కనుగొన్న తరువాత ఆ పాత పత్రాలకు ఉల్లేఖనలు వెల్లువెత్తాయి. గోపాల్ డి. దాస్‌తో కలిసి 1965లో వెలువరించిన పత్రం నేడు నాడీశాస్త్రంలో అత్యధికంగా ఉదహరించబడే రచనలలో ఒకటి.

తొలి జీవితం

ఆల్ట్‌మన్ బుడాపెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో యూదులపై సాగిన ఊచకోత నుండి ప్రాణాలతో బయటపడ్డాడు. యుద్ధానంతరం జర్మనీకి, అక్కడినుండి ఆస్ట్రేలియాకు, చివరకు అమెరికాకు చేరుకున్నాడు. ఇలా దేశాలు మారుతూ ఉండటంవలన అతని ఉన్నతవిద్య ఆలస్యమైంది. 1959లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందేనాటికి వయసు ముప్పై దాటింది. అతడు చదివినది మనస్తత్వశాస్త్రం. శరీర నిర్మాణశాస్త్రం కాదు. మెదడు నిర్మాణాన్ని గురించిన వాదవివాదాలలో ఈ విషయం తరువాత అతనికి ప్రతికూలంగానే పనిచేసిందని చెప్పవచ్చు. 1961లో హాన్స్-లూకాస్ ట్యూబర్ నాయకత్వంలో రూపుదిద్దుకుంటున్న మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.) మనస్తత్వశాస్త్ర విభాగంలో చేరాడు. పేరు తెచ్చిన పరిశోధనలన్నీ అక్కడ గడిపిన ఏడేళ్ళలో జరిగినవే.

ఆనాటి సిద్ధాంతం

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత తెలుగువారికి తెలిసినదే. ఇరవయ్యవ శతాబ్దపు నాడీశాస్త్రం కూడా మెదడును గురించి ఇంచుమించు ఇదే మాట చెప్పింది. 1906లో నోబెల్ బహుమతి పొందిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు సాంటియాగో రామోన్ ఇ కహాల్, ఎదిగిన మెదడులోని నాడీమార్గాలు స్థిరమైనవని, అక్కడి కణాలు నశించగలవే తప్ప తిరిగి పుట్టలేవని నిర్ధారించాడు. కహాల్ చేతిలోని సాధనాలతో చూస్తే ఆ నిర్ణయం సహేతుకమైనదే. చర్మంలోను, రక్తంలోను, ప్రేగుల లోపలిపొరలోను కణాలు విభజన చెందటం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. కొమ్మలు, రెమ్మలు చాచి వేలాది ఇతర కణాలతో ముడిపడిన నాడీకణం విభజన చెందటాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. చూడనిది లేదనుకున్నారు. క్రమంగా ఆ అభిప్రాయం పాఠ్యపుస్తకాలలోకి ఎక్కి ప్రశ్నించరాని సూత్రమైంది.

పరిశోధనా పద్ధతి

ఆల్ట్‌మన్ ఉపయోగించినది ఆటోరేడియోగ్రఫీ అనే పద్ధతి. ఒక కణం రెండుగా చీలటానికి ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తయారుచేసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముడిపదార్థాలలో థైమిడిన్ ఒకటి. థైమిడిన్‌లోని మామూలు హైడ్రోజన్ బదులు రేడియోధార్మికత గల ట్రిషియంను చేర్చి జంతువు శరీరంలోకి ఎక్కిస్తే, ఆ సమయంలో విభజనకు సిద్ధమవుతున్న కణాలు మాత్రమే దానిని తమ కేంద్రకంలో ఇముడ్చుకొంటాయి. కొన్ని రోజులకో, నెలలకో ఆ జంతువు మెదడును పలుచని పొరలుగా కోసి, వాటిపై ఫోటోగ్రఫీలో వాడే రసాయనపు పూత పూసి, చీకటిలో వారాల తరబడి ఉంచుతారు. గుర్తుపడిన కణంపై నల్లని వెండి రేణువులు తేలుతాయి. ఆ రేణువులు నాడీకణంపై కనిపిస్తే, అది ఇంజెక్షన్ ఇచ్చిన రోజున లేదా ఆ తరువాత పుట్టినదని అర్థం.

పద్ధతి తేలికగా తోచినా అందులో చిక్కులున్నాయి. ట్రిషియం వెలువరించే కిరణాలు చాలా బలహీనమైనవి కావటంతో పొర పైభాగాన ఉన్న కణాలు మాత్రమే లెక్కకు వస్తాయి. పైగా మెదడులో నాడీకణాలతోబాటు గ్లియా అనే సహాయక కణాలు కూడా ఉంటాయి. అవి జీవితాంతం విభజన చెందగలవని అప్పటికే అందరికీ తెలుసు. రేణువులు పడిన చిన్న గుండ్రటి కణం నాడీకణమా, గ్లియా కణమా అన్నది సాధారణ సూక్ష్మదర్శినిలో చూసి ఖచ్చితంగా చెప్పటం కష్టం. ఆల్ట్‌మన్ విమర్శకులు పట్టుకున్నది ప్రధానంగా ఈ అంశాన్నే.

ముఖ్య ప్రచురణలు

1962లో సైన్స్ పత్రికలో రెండు పుటల చిన్న పత్రం వెలువడింది. వయోజన క్షీరదాల మెదడులో కొత్త నాడీకణాలు ఏర్పడతాయా అన్న ప్రశ్నే దాని శీర్షిక. మెదడులో చిన్న గాయం చేసిన ఎలుకలలో కొన్ని నాడీకణాలు గుర్తుపడినట్లు అందులో నివేదించాడు. 1963లో ఎలుకలు, పిల్లులపై జరిపిన పరిశీలనలను అనటామికల్ రికార్డ్ పత్రికలో ప్రచురించాడు.

వీటన్నిటికంటే బలమైనది 1965లో జర్నల్ ఆఫ్ కంపేరటివ్ న్యూరాలజీ 124వ సంపుటంలో గోపాల్ దాస్‌తో కలిసి రాసిన పత్రం. భారతీయ పాఠకులకు వెంటనే కంటికి ఆనే ఈ సహరచయిత పేరు ఆ పరిశోధన ఉల్లేఖించబడిన ప్రతిచోటా ఆల్ట్‌మన్ పేరు పక్కనే నిలిచి ఉంది. ఎలుకల హిప్పోకాంపస్‌లో డెంటేట్ గైరస్ అనే భాగాన, పుట్టిన చాలాకాలం తరువాత కూడా కొత్త కణాలు ఏర్పడి, పరిణతి చెంది, అక్కడి నాడీకణాల వరుసలో చేరుతున్నాయని ఈ పత్రం వివరించింది. వయసుతోబాటు ఈ ఉత్పత్తి బాగా తగ్గిపోతుందని కూడా చూపింది. హిప్పోకాంపస్ జ్ఞాపకశక్తికి కీలకమైన భాగం కావటంవలన దీని ప్రాముఖ్యం ఎక్కువ. 1967లో ఇద్దరూ కలిసి గినీపిగ్‌లపై జరిపిన అధ్యయనం నేచర్ పత్రికలో వచ్చింది. 1969లో ఆల్ట్‌మన్ ఒంటరిగా వెలువరించిన పత్రం మరొక ప్రాంతాన్ని వర్ణించింది. మెదడు లోపలి కుహరాల గోడలవద్ద పుట్టిన కణాలు ముందుకు ప్రయాణించి, వాసనలను గ్రహించే ఆల్‌ఫాక్టరీ బల్బులో చేరటాన్ని అందులో గుర్తించాడు. నేటి పాఠ్యపుస్తకాలు క్షీరదాల మెదడులో జీవితాంతం నాడీకణాలు పుట్టే చోట్లుగా చెప్పేవి ఈ రెండింటినే.

అతని నివేదికలన్నీ నిలబడలేదన్నది కూడా గమనించాలి. 1963 పత్రంలో మెదడు పైపొర అయిన నియోకార్టెక్స్‌లో సైతం గుర్తుపడిన నాడీకణాలున్నట్లు పేర్కొన్నాడు. సాధారణ పరిస్థితులలో అక్కడ కొత్త నాడీకణాలు పుడతాయన్న వాదన తరువాతి పరీక్షలకు ఆగలేదు.

కొత్త కణాలు దేనికి అన్న ప్రశ్నకు కూడా ఆల్ట్‌మన్ అప్పుడే ఒక సమాధానం సూచించాడు. పుట్టిన తరువాత ఏర్పడేవి పొడవైన తంతువులు గల పెద్ద కణాలు కావని, స్థానికంగా పనిచేసే చిన్న కణాలని గమనించి వాటికి మైక్రోన్యూరాన్లు అని పేరుపెట్టాడు. జీవి అనుభవాన్ని, అభ్యసనాన్ని మెదడు నిర్మాణంలో ఇముడ్చుకోవటానికి ఇవి తోడ్పడతాయని 1967లో ప్రతిపాదించాడు. నేడు వందలాది ప్రయోగశాలలలో పరీక్షకు గురవుతున్న ఊహ ఇదే.

నిరాదరణ

ఈ పత్రాలు అజ్ఞాత పత్రికలలో మరుగునపడినవి కావు. సైన్స్, నేచర్ పత్రికలు అందని నాడీశాస్త్ర విభాగం ఆనాడు లేదు. వాటిని చదివారు, కాని నమ్మలేదు, లేదా నమ్మినా అవసరమనుకోలేదు. పుట్టిన తరువాత కొద్దికాలం మెదడు ఎదుగుదల కొనసాగుతుందన్నంతవరకు అంగీకరించి, మిగిలినదాన్ని ఎలుకలకే పరిమితమైన వింతగా పక్కనపెట్టినవారు కొందరు. ఆల్ట్‌మన్‌కు ఎం.ఐ.టి.లో శాశ్వత పదవి లభించలేదు. 1968లో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. నాడీశాస్త్ర చరిత్రను రాసిన ప్రిన్స్‌టన్ ఆచార్యుడు చార్లెస్ గ్రాస్ 2000 సంవత్సరంలో నేచర్ రివ్యూస్ న్యూరోసైన్స్‌లో ఈ ఉదంతాన్ని వివరంగా చర్చించి, గుర్తింపు కొరవడటమే ఆల్ట్‌మన్ మరింత సంప్రదాయికమైన అంశాలవైపు మళ్ళటానికి కారణం కావచ్చునని అభిప్రాయపడ్డాడు.

ఇదే దారిన నడిచిన మరొకరికి ఇంతకంటే ఎక్కువ నష్టం జరిగింది. మైకేల్ కాప్లాన్ 1977లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గుర్తుపడిన కణాలను పరిశీలించి, వాటికి నాడీకణాలకు మాత్రమే ఉండే లక్షణాలున్నాయని సైన్స్ పత్రికలో చూపాడు. గ్లియా కణాలేమో అన్న ఆక్షేపణకు ఇది నేరైన సమాధానం. అయినా స్పందన రాలేదు. కాప్లాన్ చివరకు ఈ పరిశోధన విడిచిపెట్టి వైద్యవృత్తికి మరలాడు.

1985లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాస్కో రాకిచ్ రీసస్ కోతులపై జరిపిన అధ్యయనాన్ని సైన్స్‌లో ప్రచురించాడు. రేడియోధార్మిక థైమిడిన్ ఎక్కించిన వయోజన కోతుల మెదడులో కొత్త నాడీకణం ఒక్కటీ కనబడలేదని, ప్రైమేట్లకు స్థిరమైన నాడీకణ సంపద ఉండటమే వాటి జ్ఞాపకాలు నిలిచి ఉండటానికి అవసరం కావచ్చునని వాదించాడు. రాకిచ్ ఆ రంగంలో అత్యంత గౌరవనీయుడు కావటంతో చర్చ ముగిసినట్లే అయింది.

ఉల్లేఖనల తీరు

ఒక పరిశోధన పత్రాన్ని తరువాతి పత్రాలు తమ ఆధారాలలో పేర్కొనటాన్ని ఉల్లేఖన అంటారు. ఏ పత్రాన్ని ఎవరు, ఎన్నిసార్లు ఉదహరించారో క్రమపద్ధతిలో లెక్కించే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఫిలడెల్ఫియానుండి ప్రారంభించాడు. అంటే ఆల్ట్‌మన్ ముఖ్యమైన పత్రాలు, వాటి ప్రభావాన్ని కొలిచే త్రాసు ఒకే కాలంలో పుట్టాయి. 2005లో హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక ఈ లెక్కను మరింత కుదించింది. ఒక శాస్త్రజ్ఞుడి పత్రాలలో ఇరవైకి తక్కువ కాకుండా ఉదహరింపులు పొందినవి ఇరవై ఉంటే అతని సూచిక 20; యాభై చొప్పున పొందినవి యాభై ఉంటే 50.

ఆల్ట్‌మన్ విషయంలో ఈ కొలతలు చెప్పేదానికంటే దాచేది ఎక్కువ. 1965 పత్రానికి ఇప్పటివరకు వేలసంఖ్యలో ఉల్లేఖనలు వచ్చాయి. వాటిలో అత్యధికభాగం 1990వ దశకం మధ్యనుండి వచ్చినవే. అంటే పత్రం అచ్చయిన ముప్పై ఏళ్ళ తరువాత. చాలాకాలం నిద్రలో ఉండి హఠాత్తుగా మేల్కొనే ఇటువంటి పత్రాలను డచ్చి పరిశోధకుడు ఆంథొనీ వాన్ రాన్ 2004లో నిద్రిస్తున్న సుందరులు అని పిలిచాడు. అయితే 1965 పత్రం పూర్తిగా నిద్రపోయిందనటం సరికాదు. పసివయసులో మెదడు ఎదుగుదలను అధ్యయనం చేసేవారు దానిని 1970లలో కూడా ఉదహరిస్తూ వచ్చారు. మరుగునపడినది అందులోని రెండవ భాగం, అనగా వయోజన దశను గురించిన వాదన. ఉల్లేఖనల సంఖ్య ఇటువంటి తేడాను చూపలేదు. ఒక పత్రాన్ని సమర్థించటానికి పేర్కొన్నా, ఖండించటానికి పేర్కొన్నా లెక్కలో ఒకటే.

ఒక పత్రిక ప్రభావ సూచికను లెక్కించేటప్పుడు ముందరి రెండేళ్ళ పత్రాలకు వచ్చిన ఉల్లేఖనలనే పరిగణిస్తారు. ఆ రెండేళ్ళ గడువుతో చూస్తే ఆల్ట్‌మన్ పత్రాలు వాటిని ప్రచురించిన పత్రికలకు ఒనగూర్చినది స్వల్పమే. నియామకాలకు, పదోన్నతులకు పత్రిక సూచికను కొలబద్దగా వాడరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు, సంపాదకులు ఒక ప్రకటన రూపొందించారు. మనదేశంలో విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2010 నిబంధనలతో అధ్యాపకుల ప్రచురణలకు మార్కులు లెక్కించే పద్ధతి ప్రవేశపెట్టినప్పటినుండి ఇక్కడకూడా ఈ చర్చ సాగుతోంది.

పునరావిష్కరణ

మార్పు మొదట పక్షుల నుండి వచ్చింది. రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబామ్ 1980వ దశకం తొలినాళ్ళలో, వయోజన కెనరీ పక్షుల మెదడులో పాటకు సంబంధించిన భాగాన కొత్త నాడీకణాలు చేరుతున్నాయని నిరూపించాడు. ఆ కణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తున్నట్లు కూడా 1984లో చూపటంతో గ్లియా అన్న ఆక్షేపణకు తావు లేకపోయింది. 1992లో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ వయోజన ఎలుకల మెదడునుండి వేరుచేసిన మూలకణాలు ప్రయోగశాలలో నాడీకణాలుగా మారగలవని కనుగొన్నారు. అదే కాలంలో ఎలిజబెత్ గౌల్డ్ ఎలుకల హిప్పోకాంపస్‌పై ఒత్తిడి హార్మోన్ల ప్రభావాన్ని పరిశీలిస్తూ, కణాల మరణంతోబాటు జననాన్ని కూడా గమనించింది. 1997లో ఫ్రెడ్ గేజ్ బృందం, ఆటవస్తువులు, తోటిజంతువులు ఉన్న విశాలమైన పంజరాలలో పెరిగిన ఎలుకలలో కొత్త నాడీకణాలు ఎక్కువగా నిలిచి ఉంటాయని చూపింది. చక్రంపై పరుగెత్తే ఎలుకలలో కూడా ఇటువంటి ఫలితమే 1999లో వచ్చింది.

సాధనాలుకూడా అప్పటికి మారాయి. రేడియోధార్మిక థైమిడిన్ స్థానంలో బి.ఆర్.డి.యు. అనే పదార్థాన్ని వాడి, నాడీకణాలను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకాలతో జోడించటంవలన, ఆల్ట్‌మన్ కాలంలో వాదనకు దారితీసిన చోట ఇప్పుడు రంగులు మాట్లాడాయి. 1999లో కోతుల హిప్పోకాంపస్‌లో నాడీకణ జననాన్ని నిర్ధారించిన పత్రాలలో ఒకదానికి రచయితలు డేవిడ్ కోర్నాక్, పాస్కో రాకిచ్. 1985లో తలుపు మూసినవాడే దానిని తెరిచినవారిలో ఒకడయ్యాడు.

మానవ మెదడుపై వివాదం

1998లో పీటర్ ఎరిక్సన్, గేజ్ తదితరులు, చికిత్సలో భాగంగా బి.ఆర్.డి.యు. పొంది తరువాత మరణించిన ఐదుగురు క్యాన్సర్ రోగుల మెదళ్ళను పరిశీలించి, వయోజన మానవుల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలున్నాయని ప్రకటించారు. 2013లో స్వీడన్‌కు చెందిన జోనస్ ఫ్రిసేన్ బృందం మరింత విచిత్రమైన మార్గం తొక్కింది. 1963 వరకు వాతావరణంలో జరిగిన అణుపరీక్షల వలన పెరిగిన కార్బన్-14 ఆ కాలంలో పుట్టిన ప్రతి కణపు డి.ఎన్.ఏ.లోనూ చేరింది. దాని పరిమాణాన్నిబట్టి కణాల వయసు లెక్కకట్టి, ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని అంచనా వేశారు.

2018లో నేచర్‌లో వెలువడిన ఒక పత్రం దీనికి పూర్తి విరుద్ధంగా, బాల్యంలోనే ఈ ఉత్పత్తి వేగంగా పడిపోతుందని, పెద్దలలో కనిపించదని తేల్చింది. ఆ బృందానికి నాయకుడు ఆర్టురో అల్వారెజ్-బుయీయా. ఎలుకలలో ఆల్ట్‌మన్ గుర్తించిన కణాల ప్రయాణమార్గాన్ని 1990లలో పూర్తిగా వివరించి, అతనితో ఒకే పురస్కారాన్ని పంచుకున్న శాస్త్రజ్ఞుడు ఇతడే. కొద్దివారాల తేడాతో మౌరా బోల్డ్రీని బృందం 14 నుండి 79 ఏళ్ళవారి మెదళ్ళలో కొత్త కణాలు చూశామన్నది. 2019లో స్పెయిన్ పరిశోధకులు, మరణానంతరం కణజాలాన్ని రసాయనాలలో ఎంతసేపు ఉంచారన్నదానినిబట్టి ఫలితం మారుతుందని, అల్జీమర్స్ రోగులలో కొత్త కణాలు తక్కువగా ఉన్నాయని తెలిపారు. 2025లో ఫ్రిసేన్ బృందం వయోజనుల హిప్పోకాంపస్‌లో విభజన చెందుతున్న పూర్వకణాలను జన్యుసంకేతాల ఆధారంగా గుర్తించినట్లు సైన్స్‌లో ప్రకటించింది. ఎన్ని కణాలు, ఎవరిలో ఎంతవరకు అన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు.

భారతదేశంలో ఈ రంగంలో పేరుపొందినవారిలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన విదితా వైద్య ముఖ్యురాలు. ఒత్తిడి, కుంగుబాటు మందులు హిప్పోకాంపస్‌లోని నాడీకణ జననాన్ని ఎలా ప్రభావితం చేస్తాయన్నది ఆమె పరిశోధనాంశాలలో ఒకటి. ఆమెకు 2015లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 2022లో ఇన్ఫోసిస్ బహుమతి లభించాయి.

పర్డ్యూలో పరిశోధన

పర్డ్యూలో ఆల్ట్‌మన్ తన శక్తినంతా మెదడు గర్భస్థదశలో ఎలా రూపొందుతుందన్న ప్రశ్నపై కేంద్రీకరించాడు. ఎలుక మెదడులోని ఒక్కొక్క భాగంలో ఏ కణాలు ఏ రోజున పుడతాయో గుర్తించే ఈ పని ఎంతో ఓర్పుతో కూడుకున్నది. చిన్నమెదడు పొరల ఎదుగుదలపై 1972లో వెలువరించిన వ్యాసపరంపర ఆ అంశంలో నేటికీ ప్రామాణికం. 1971లో గోపాల్ దాస్‌తో కలిసి, విభజనదశలో ఉన్న పూర్వకణాలను ఒక ఎలుకపిల్ల చిన్నమెదడునుండి మరొకదానికి మార్పిడి చేసి, వాటి గతిని సైన్స్ పత్రికలో వివరించాడు. నాడీకణజాల మార్పిడి చరిత్రలో ఇది తొలినాటి ప్రయోగాలలో ఒకటి.

ఇతని ముఖ్య సహచరి షర్లీ బేయర్. ఆమె పరిశోధకురాలిగానే కాక భార్యగా కూడా చివరివరకు తోడున్నది. ఎలుక డెంటేట్ గైరస్‌లో నాడీకణాల మొత్తం సంఖ్య వయోజన దశలో సైతం పెరుగుతుందని 1982లో లెక్కించి చూపిన పత్రానికి ప్రథమ రచయిత ఆమె. ఇద్దరూ కలిసి నియోకార్టెక్స్ ఎదుగుదలపై 1991లోను, చిన్నమెదడు వ్యవస్థపై 1997లోను గ్రంథాలు రాశారు. మానవ కేంద్ర నాడీవ్యవస్థ ఎదుగుదలను చిత్రించిన ఐదు సంపుటాల అట్లాసు 2002 - 2008 మధ్య వెలువడింది. ఆనాటికి ఆల్ట్‌మన్ వయసు ఎనభై దాటింది. తమ చిత్రాలను, లెక్కలను అందరికీ ఉచితంగా లభించేలా అంతర్జాలంలో కూడా ఉంచారు. హెచ్-సూచిక లెక్కలో పెద్దగా కనిపించని శ్రమ ఇది.

పురస్కారాలు

ఆల్ట్‌మన్‌కు పెద్ద గుర్తింపులు రెండూ జీవితపు చివరి అంకంలోనే వచ్చాయి. 2011లో స్పెయిన్ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ శాస్త్ర సాంకేతిక పురస్కారాన్ని అల్వారెజ్-బుయీయా, జియాకొమో రిజొలాట్టిలతో కలిసి అందుకున్నాడు. కహాల్ పుట్టిన దేశంనుండే ఈ గౌరవం రావటం విశేషం. 2012లో జపాన్ ఇచ్చే అంతర్జాతీయ జీవశాస్త్ర బహుమతి లభించింది. తన ఆవిష్కరణ, దానికి ఎదురైన స్పందన గురించి 2011లో స్ప్రింగర్ సంస్థ ప్రచురించిన ఒక సంకలనంలో స్వయంగా సుదీర్ఘమైన వ్యాసం రాశాడు. 2016 ఏప్రిల్ 19న తన 90వ ఏట మరణించాడు.